హోమ్ స్టూడియోకి తక్కువ ఖర్చులో శాంప్లర్: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

శాంప్లర్ అంటే బయటి శబ్దాల తునకల్ని లోపల దాచుకుని, ప్యాడ్ నొక్కితే వాటిని వాయించే పెట్టె. దాన్ని కొనాలనుకునేవాళ్లలో చాలామంది ప్యాడ్‌లు ఎన్ని, ఎఫెక్ట్‌లు ఎన్ని అన్న దగ్గర లెక్క మొదలుపెడతారు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ పాటకి కావలసిన శబ్దం ఆ పెట్టెలోకి ఏ దారిన వస్తుంది? వచ్చాక ఎంతసేపటి శబ్దం అందులో పడుతుంది? అది మీ తాళానికి లొంగుతుందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం మోడళ్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. ఈ వరుసలోనే వెళ్దాం.

కొనేముందు: ఇంట్లో ఉన్నది చూసుకోండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో, భజన బృందాల్లో వాయించేవాళ్ల దగ్గర రోలండ్ ప్యాడ్ ఉండటం మామూలే. అది ఎస్‌పీడీ-20 లేదా ఎస్‌పీడీ-30 అయితే అందులో ఉన్న శబ్దాలే వాయిస్తుంది, బయటి శబ్దాన్ని రికార్డు చేసుకోదు. ఎస్‌పీడీ-ఎస్ఎక్స్ అయితే మాత్రం అది అసలైన శాంప్లరే. ఆడియో ఇన్‌పుట్ ఉంది, తొమ్మిది ప్యాడ్‌లున్నాయి, మీ శబ్దాల్ని నేరుగా ఎక్కించుకోవచ్చు. అలాగే రోలండ్ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డు ఉంటే, పెన్‌డ్రైవ్‌లోని ఆడియో ఫైళ్లను అందులోకి దించుకుని కీస్ మీద వాయించుకునే సదుపాయం దానిలోనే ఉంది. ఈ రెండింటిలో ఏది ఉన్నా, వేరే పెట్టె కొనడానికి కారణం ఏమిటో ముందు రాసుకోండి.

ఏమీ లేకపోతే ఫోన్‌లో కోలా శాంప్లర్ లాంటి చవకైన యాప్ వేసుకుని ఒక పాట మొదటినుంచి చివరిదాకా పూర్తి చేయండి. ఎక్కడెక్కడ చెయ్యి ఆగిందో గమనించండి. తెర మీద వేలు వేస్తే దెబ్బ బలం తెలియడం లేదా? కీబోర్డు లాంటి వాయిద్యాల శబ్దం తీసుకునే లైన్ ఇన్‌పుట్ లేక ఇబ్బంది పడ్డారా? ఫోన్ కాల్ వచ్చి లయ తెగిందా? హార్డ్‌వేర్‌లో మీకు నిజంగా కావలసినవేమిటో ఆ చిట్టా చెబుతుంది. యాప్‌తోనే పాట పూర్తి కాకపోతే, యాభై వేల పెట్టెతోనూ పూర్తి కాదు.

శబ్దం లోపలికి వచ్చే దారి

'శాంప్లర్' అని అమ్మేవన్నీ రికార్డు చేయవు. కోర్గ్ వోల్కా శాంపిల్ 2కి ఆడియో ఇన్‌పుట్ లేదు. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్ నుంచి శబ్దాలు ఎక్కించాలి. ఎలెక్ట్రాన్ మోడల్:శాంపిల్స్ కూడా అంతే. ల్యాప్‌టాప్, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉండి, శబ్దాలను అక్కడ శుభ్రం చేసుకునే అలవాటు ఉంటే ఇది లోటు కాదు. కంప్యూటర్ లేకుండా పని చేయాలనుకునేవాళ్లు మాత్రం వీటిని కొని బాధపడతారు.

రికార్డు చేసేవాటిలోనూ ఇన్‌పుట్ ఎలాంటిదో చూడాలి.

చవక శాంప్లర్లలో మైక్ ఇన్‌పుట్ ఉన్నా కండెన్సర్ రకం మైక్‌కి కేబుల్ ద్వారానే అందాల్సిన 48 వోల్ట్‌ల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, దాదాపు ఉండదు. కాబట్టి కండెన్సర్ మైక్ నేరుగా పెడితే శబ్దమే రాదు. ఆ మైక్‌ని ఇంటర్‌ఫేస్‌కి పెట్టి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని శాంప్లర్ లైన్ ఇన్‌పుట్‌కి ఇవ్వాలి. డైనమిక్ మైక్‌కి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు గానీ దాని సిగ్నల్ చిన్నది. లైన్ ఇన్‌పుట్‌కి పెడితే వాల్యూమ్ చాలక, పెంచేసరికి 'సుయ్'మని హోరు వస్తుంది. పెట్టె వెనక 'మైక్' అని విడిగా రాసి ఉండాలి, లేదా మైక్/లైన్ స్విచ్ ఉండాలి.

ఫోన్ నుంచి తీసుకునేటప్పుడు చాలామంది తికమకపడే చిక్కు ఒకటుంది. పాట ప్లే చేస్తే వాయిద్యాలు వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం మాయమవుతుంది. మెషిన్ పాడైందనుకుంటారు. తప్పు కేబుల్‌ది. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్‌లో ఎడమ, కుడి రెండు వేర్వేరు ఛానెళ్లు వస్తాయి. ఆ స్టీరియో పిన్నుని ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెడితే, ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేసి మిగిలింది తీసుకుంటుంది. రెండింటిలో సమానంగా ఉండేది గొంతే కాబట్టి అదే కొట్టుకుపోతుంది. 3.5 మి.మీ. స్టీరియో పిన్ను ఒకవైపు, రెండు విడి మోనో పిన్నులు మరోవైపు ఉండే వై కేబుల్ వాడితే సమస్య పోతుంది. విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగేటప్పుడు 'రెండు మోనో పిన్నులు' అని నొక్కి చెప్పండి.

బయట తిరుగుతూ రికార్డు చేయాలనుకుంటే, అంటే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్, గుంటూరు మిర్చి యార్డు సందడి, ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర నీటి హోరు లాంటివి కావాలంటే, లోపలే మైక్ ఉండి బ్యాటరీతో నడిచేది తప్పనిసరి. అలాంటి పెట్టె బ్యాగులో పట్టాలి కూడా.

మెమరీ: నిమిషాల్లోకి మార్చి చూడండి

ప్రకటనలో 64 ఎంబీ అనో 8 ఎంబీ అనో రాస్తారు. దాన్ని సెకన్లలోకి మార్చుకోవాలి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లలో మోనో శబ్దం సెకనుకి 88,200 బైట్లు తింటుంది, అంటే నిమిషానికి సుమారు 5.3 ఎంబీ. స్టీరియో అయితే దానికి రెట్టింపు.

ఇప్పుడు మీ పాట లెక్క వేయండి. 90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) నాలుగు బార్ల లూప్, అంటే తిరిగి తిరిగి మోగే తునక, 16 బీట్లు, అంటే సుమారు 10.7 సెకన్లు. 80 బీపీఎంలో ఆదితాళం ఒక ఆవర్తనం 6 సెకన్లు. డప్పు దెబ్బ ఒక్కోటి అర సెకను. తంబుర శ్రుతి అతుకు తెలియకుండా తిరగాలంటే 20, 30 సెకన్లు కావాలి.

టీనేజ్ ఇంజినీరింగ్ పీఓ-33లో మొత్తం మెమరీ 40 సెకన్లు. తంబుర ఎక్కిస్తే ఇక మిగిలేది చిటికెడు. డప్పు, చిడతలు, మాట తునకలతో పని చేసేవాళ్లకి ఆ 40 సెకన్లు బాగానే సరిపోతాయి. వోల్కా శాంపిల్ 2లో 130 సెకన్లు. అయితే దాని శాంప్లింగ్ రేటు 31.25 కిలోహెర్ట్జ్ కాబట్టి సుమారు 15.6 కిలోహెర్ట్జ్‌కి పైనున్న మెరుపు పోతుంది. డప్పు, డోలు, మృదంగం తొప్పి వైపు దెబ్బలకు తేడా పెద్దగా తెలియదు. కంచు తాళాలు, గజ్జెలు కొంచెం మందంగా వినిపిస్తాయి.

వాయించే గొంతుల సంఖ్యనీ ఇక్కడే చూసుకోండి. పాలిఫనీ నాలుగు అంటే ఒకేసారి నాలుగు శబ్దాలే మోగుతాయి, ఐదోది వస్తే పాతదొకటి తెగిపోతుంది. తంబుర కింద మోగుతూ ఉండగా దరువు జోరుగా వేస్తే హఠాత్తుగా శ్రుతి ఆగిపోవడానికి కారణం ఇదే. స్టీరియో శాంపిల్ చాలా మెషిన్లలో రెండు గొంతులు తింటుంది. కాబట్టి డప్పు లాంటి దెబ్బల్ని మోనోలో ఎక్కించడం మంచిది.

తాళం, శ్రుతి

మనవాళ్లకి ఇది చాలా ముఖ్యం, మోడళ్ల పోలికల్లో మాత్రం దీని మాటే ఎత్తరు. ఈ పెట్టెల్లో చాలావరకు 16 స్టెప్పులు (దెబ్బ పెట్టుకునే గడులు), నాలుగు బీట్లు అన్న లెక్కతో తయారైనవే. మిశ్రచాపు వేయాలంటే 14 స్టెప్పులు కావాలి, ఖండచాపుకి 10 లేదా 20. తిశ్ర నడకలో జానపదం కడితే 12. ఈ సంఖ్యల దగ్గర సీక్వెన్సర్, అంటే పెట్టిన దెబ్బల్ని వరుసగా తనంతట తానే వాయించే భాగం, తిరిగి మొదటికి వస్తుందా లేదా అని కొనేముందు మాన్యువల్ తెరిచి చూడండి. మాన్యువళ్లన్నీ కంపెనీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి.

వోల్కాలో 'యాక్టివ్ స్టెప్' అనే సదుపాయంతో చివరి రెండు స్టెప్పుల్ని ఆపేస్తే 14 మీద తిరుగుతుంది. మోడల్:శాంపిల్స్‌లో ఆరు ట్రాకులకీ విడివిడిగా 64 స్టెప్పుల వరకు పొడవు పెట్టుకోవచ్చు. ఒక ట్రాకు 14 మీద, ఇంకొకటి 16 మీద తిరుగుతుంటే వచ్చే అల్లిక వినాల్సిందే. అకాయ్ ఎంపీసీ వరుసలో టైమ్ సిగ్నేచర్ నేరుగా మార్చుకోవచ్చు.

శ్రుతి దగ్గర రెండు ప్రశ్నలు. ఒకటి, పిచ్‌ని అర స్వరాల్లోనే మారుస్తుందా, సెంట్లలోనూ (అర స్వరంలో నూరో వంతు) మారుస్తుందా? సన్నాయి రికార్డింగ్ సరిగ్గా ఒకటిన్నర శ్రుతిలో ఉండదు, కాస్త అటో ఇటో ఉంటుంది. సెంట్లు లేకపోతే హార్మోనియం పక్కన ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. రెండు, పిచ్ మారినా వేగం మారకుండా ఉంచే టైమ్‌స్ట్రెచ్ ఉందా? లేకపోతే పిచ్ పెంచినకొద్దీ వేగమూ పెరుగుతుంది. ఒక్క అర స్వరానికి దాదాపు 6 శాతం, మూడు అర స్వరాలకి 19 శాతం. 90 బీపీఎం లూప్ 107కి పరుగెత్తుతుంది. విడి దెబ్బలతో దరువు కట్టుకునేవాళ్లకి ఇది పట్టింపు కాదు. తయారు లూపులు వాడేవాళ్లకి మాత్రం టైమ్‌స్ట్రెచ్ లేని పెట్టె తలనొప్పే.

ఏ ధరలో ఏది

ధరలు నెలనెలా మారుతుంటాయి, దిగుమతి సరుకు కాబట్టి డాలరుతోపాటు ఊగుతాయి. స్థూలంగా అంచనా వేసుకోండి.

పదివేల పరిధిలో పీఓ-33. రెండు చిన్న ఏఏఏ సెల్స్‌తో నడుస్తుంది, లోపలే మైక్ ఉంది. మెత్తని ప్యాడ్‌లుండవు, చిన్న బటన్లే. నేర్చుకోవడానికి, ఆలోచనలు దాచుకోవడానికి మంచిది. పాట మొత్తం దీనిమీదే కట్టాలంటే ఓపిక కావాలి.

పదిహేను, ఇరవై వేల మధ్య వోల్కా శాంపిల్ 2. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఈ ధరలో ఇంతకన్నా చేతికి దగ్గరైన రిథమ్ పెట్టె కనిపించదు. ఒక్క జాగ్రత్త. దీని 9 వోల్ట్‌ల అడాప్టర్ పిన్నులో మధ్యభాగం ప్లస్. గిటార్ పెడళ్ల 9 వోల్ట్‌ల అడాప్టర్లలో మధ్యభాగం సాధారణంగా మైనస్. ఆకారం ఒకటే కదా అని పెడల్ అడాప్టర్ గుచ్చొద్దు. అడాప్టర్ మీద వృత్తం మధ్యలో చుక్క ఉన్న బొమ్మలో ప్లస్ గుర్తు చుక్కవైపు ఉందో లేదో చూసి మరీ పెట్టండి.

ముప్పై వేల చుట్టూ టీనేజ్ ఇంజినీరింగ్ ఈపీ-133. 2023లో వచ్చింది. మైక్, స్పీకర్ లోపలే ఉన్నాయి, లైన్ ఇన్‌పుట్ ఉంది, నాలుగు ఏఏఏ సెల్స్‌తోనో యూఎస్‌బీతోనో నడుస్తుంది. విడుదలైనప్పుడు మెమరీ 64 ఎంబీ, మోనోలో సుమారు 11 నిమిషాలు. ఒక్కో రికార్డింగ్ 20 సెకన్లకి మించకూడదు. 90 బీపీఎంలో నాలుగు బార్లు అందులో హాయిగా పడతాయి, 30 సెకన్ల తంబుర పట్టదు. ఈ ధరలో కంప్యూటర్ లేకుండా పని చేయాలనుకునేవాళ్లకి మా మొగ్గు దీనివైపే.

యాభై వేల దగ్గర రోలండ్ ఎస్‌పీ-404 ఎంకే 2. 2021లో వచ్చింది. 32 గొంతులు, 16 జీబీ లోపలి నిల్వ, ప్రాజెక్టుకి 160 శాంపిళ్లు, మైక్ లేదా గిటార్ పెట్టుకునే ఇన్‌పుట్, ఆరు ఏఏ సెల్స్ లేదా యూఎస్‌బీ-సీ కరెంటు. అందులో స్కిప్ బ్యాక్ అనే బటన్ ఉంది. మీరు రికార్డు నొక్కకపోయినా మెషిన్ గడిచిన కొన్ని సెకన్లని ఎప్పుడూ గుర్తుపెట్టుకుంటూ ఉంటుంది. మంచి దరువు దానంతటదే పడినప్పుడు ఆ బటన్ నొక్కితే అది దొరుకుతుంది. మెమరీ బెంగ లేదు, మైక్ నేరుగా ఎక్కుతుంది కాబట్టి గొంతు, డప్పు, కీబోర్డు అన్నీ ఒకే పెట్టెలో కలుపుకునేవాళ్లకి ఇచ్చిన డబ్బుకి తగ్గది. షిఫ్ట్ పట్టుకుని ప్యాడ్ నొక్కే కిటుకులు చాలా ఉంటాయి, మొదటి నెల మాన్యువల్ పక్కనే ఉంచుకోవాలి.

అంతకుపైన అకాయ్ ఎంపీసీ వన్, 2020 నాటిది. ఏడు అంగుళాల టచ్ తెర, పాట పూర్తిగా అందులోనే కట్టుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఎస్‌పీ కొత్తదాని ధరకి దగ్గరగా రావచ్చు. బ్యాటరీ లేదు, కరెంటు పోతే పని ఆగుతుంది. వేసవిలో మన ఊళ్లలో ఇన్వర్టర్ మీద పెట్టుకోవాల్సిందే.

ఎక్కడ కొనాలి, ఏం పరీక్షించాలి

మన దగ్గర వాయిద్యాల దుకాణాల్లో కీబోర్డులు, ప్యాడ్‌లు, గిటార్లు దొరికినంత సులువుగా శాంప్లర్లు దొరకవు. ఎక్కువగా ఆన్‌లైన్‌లోనో, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు దుకాణాల నుంచో తెప్పించుకోవాలి. భారత్‌లో అధీకృత విక్రేత ఇచ్చిన జీఎస్‌టీ బిల్లు ఉంటేనే వారంటీ మాట చెల్లుతుంది. విదేశాల నుంచి బంధువుతో తెప్పిస్తే ధర తక్కువ అనిపించినా, వారంటీ ఆ దేశానికే పరిమితమై ఉండొచ్చు. అడాప్టర్ మీద 'ఇన్‌పుట్ 100–240 వోల్ట్‌లు, 50/60 హెర్ట్జ్' అని ఉందో లేదో చూడండి. 120 వోల్ట్‌లు మాత్రమే అని ఉంటే మన 230 వోల్ట్‌ల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బు ఇచ్చేముందు అరగంట అడగండి. మీ సొంత హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. ప్రతి ప్యాడ్‌నీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టండి. ఒక్కో దెబ్బకి ఒకే మోత రావాలి. రెండు వస్తే ప్యాడ్ కింది సెన్సర్ అరిగి ఉండొచ్చు. పక్క ప్యాడ్ కూడా మోగితే అదీ లోపమే. ప్రతి నాబ్‌నీ చివరిదాకా తిప్పుతూ గరగర వస్తుందేమో వినండి. జాక్‌లో పిన్ను పెట్టి కాస్త కదిలించండి. శబ్దం తెగి తెగి వస్తే లోపల సోల్డర్ విరిగి ఉండొచ్చు, బాగు చేయించొచ్చు గానీ ఆ మేరకు ధర తగ్గించమనండి. బ్యాటరీ మూత తీసి స్ప్రింగుల మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. చివరగా ఒక శబ్దం రికార్డు చేసి, సేవ్ చేసి, పవర్ ఆపి మళ్లీ వేసి అది ఉందో లేదో చూడండి. చాలామంది మరిచిపోయేది ఈ చివరిదే.

మొదటి రికార్డింగ్: డప్పు

ఇంటికి వచ్చాక పరీక్షకి డప్పుని మించింది లేదు. మెత్తటి దెబ్బా గట్టి దెబ్బా రెండూ అందులో ఉంటాయి.

డప్పుని ముందు మంట దగ్గర కాచాలి. కాగిన తోలు బిగిసి స్వరం పైకి లేస్తుంది, చల్లారేకొద్దీ దిగుతుంది. అందుకే అన్ని దెబ్బలూ ఒకే ఊపులో, కాచిన వెంటనే తీసుకోవాలి. మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చి మిగతావి తీస్తే, ప్యాడ్‌ల మీద ఒక డప్పు రెండు డప్పులుగా వినిపిస్తుంది.

డైనమిక్ మైక్‌ని తోలుకి అడుగున్నర దూరంలో, కొంచెం వాలుగా పెట్టండి. ఎదురుగా, మరీ దగ్గరగా పెడితే గాలి తోపుకి శబ్దం పగులుతుంది. ఫ్యాన్ ఆపండి. ఏలూరు రోడ్డు లాంటి చోట ఇల్లు ఉంటే రాత్రి పదకొండు దాటాక పెట్టుకోండి. గట్టి దెబ్బకి మీటరు మైనస్ 6 డీబీ దాటకుండా గెయిన్ సర్దండి. ఎరుపు వెలిగితే ఆ శాంపిల్ ఇక బాగుపడదు, మళ్లీ తీయాల్సిందే.

సిర్ర (కుడిచేతి కర్ర) దెబ్బ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు. చిటికెన పుల్ల (ఎడమచేతి పుల్ల) దెబ్బ అలాగే మూడు. అంచు మీద ఒకటి, అరచేత్తో అదిమి కొట్టింది ఒకటి. మొత్తం ఎనిమిది. ఒక్కో దెబ్బ మధ్య రెండు సెకన్లు ఆగండి, గుంయ్‌మన్న శబ్దం పూర్తిగా ఆరిపోవాలి.

తర్వాత మొదలు కత్తిరించడం. 100 బీపీఎంలో పదహారో వంతు స్టెప్పు 150 మిల్లీసెకన్లు. దెబ్బకి ముందు 30 మిల్లీసెకన్ల నిశ్శబ్దం వదిలేస్తే ఒక స్టెప్పులో ఐదో వంతు వెనకబడినట్టే. దరువు ఈడ్చుకుపోతుంది. అప్పుడు చాలామంది సీక్వెన్సర్‌ని తిడతారు. మొదలుని తరంగం లేచే చోటికి తెచ్చి, టిక్కుమని చప్పుడు రాకపోతే అక్కడ ఆపండి. అదిమిన దెబ్బ, తెరిచిన దెబ్బ రెండింటినీ ఒకే మ్యూట్ గ్రూపులో పెడితే ఒకటి మోగగానే రెండోది ఆగుతుంది. చెయ్యి డప్పు మీద నిజంగా చేసేది అదే.

హమ్, గరగర, కలవని కేబుళ్లు

స్పీకర్లో 'మ్‌మ్' అని వస్తే కరెంటు 50 హెర్ట్జ్ హమ్. శాంప్లర్, స్పీకర్లు వేర్వేరు ప్లగ్ పాయింట్ల నుంచి తీసుకుంటే ఎర్త్ తేడా వల్ల వస్తుంది. అన్నీ ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టి చూడండి. పాత ఇళ్లలో ఎర్త్ తీగే ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో సరి చేయించండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం ప్రాణాపాయం.

'కీచ్' అని సన్నటి ఈల, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పెట్టినప్పుడే వస్తే ఆ కరెంటులోంచి వస్తోంది. శాంప్లర్‌ని పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి, ఆగిపోతే కారణం తెలిసినట్టే.

వాయిద్యాల్ని ఒకదానితో ఒకటి కలిపి నడిపే మిడి కోసం 3.5 మి.మీ. జాక్ ఉన్న పెట్టెల్లో రెండు రకాల వైరింగ్ ఉంది, టైప్ ఏ, టైప్ బీ. 2018లో టైప్ ఏని ప్రమాణంగా తీసుకున్నారు, పాతవాటిలో బీ కనిపిస్తుంది. తప్పు అడాప్టర్ పెడితే ఏమీ కాలదు, ఏమీ మోగదు కూడా.

కార్డు వాడే పెట్టెల్లో 32 జీబీ లోపు ఎస్‌డీ కార్డుని ఆ పెట్టెలోనే ఫార్మాట్ చేయండి. ఫైళ్లు 16 బిట్ వేవ్‌లో ఉండాలి. కొన్ని రికార్డర్లు ఇచ్చే 32 బిట్ ఫ్లోట్ ఫైళ్లని చాలా శాంప్లర్లు చదవవు. ఫైలు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, చిన్నగా పెట్టండి. తెలుగులో పెడితే తెరమీద ఖాళీగానో, గజిబిజిగానో కనిపిస్తుంది.

పాత పాటల తునకలు వాడేవాళ్లకి ఒక మాట. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌పై హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. రాసినవారి, స్వరపరిచినవారి హక్కు వారు పోయాక 60 ఏళ్ల వరకు నడుస్తుంది. రికార్డింగ్ పాతదైనంత మాత్రాన పాట స్వేచ్ఛగా వాడుకునేది కాదు. ఇంట్లో సాధనకి పెట్టుకోండి, బయటపెట్టేదానికి మీ డప్పు, మీ గొంతు వాడండి.

మే నెల ఎండల్లో బ్యాటరీలు లోపలే వదిలేస్తే కారతాయి, వాడనప్పుడు తీసేయండి. నెలకోసారి ప్రాజెక్టులన్నీ కంప్యూటర్‌కి, మరో కాపీ ఇంకో ఇంట్లోని పెన్‌డ్రైవ్‌కి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో చూసినవాళ్లు, పెట్టెనీ కాపీనీ ఒకే అలమారలో కింది అరలో పెట్టరు.